లెక్క అడిగిన దివాను

రూపాయి విలువనుగూర్చి వాదించువారు మనలో పెక్కుమంది గలరు. ఆ రూపాయి కొలువవలసిన సంపద దేశమున ఎంతయున్నదో ముందు తేల్చుడని అడిగినవారు మాత్రము అరుదు. అట్టి అరుదైనవారిలో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగా రొకరు. ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా వారిని లోకమంతయు ఎరుగును. ఆర్థిక విషయములందు వారు చేసిన కృషి ఆ ఆనకట్టల నీడలో మరుగుపడినది.

వారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము. ఆ తెలుగు కుటుంబము మైసూరు సీమకు వలసపోయి చిక్కబళ్ళాపురము చెంత ముద్దేనహళ్ళిలో స్థిరపడెను. అచ్చటనే 1861లో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. అది చిత్రమైన సీమ. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఆ కొండలలో పుట్టి తెలుగుదేశమునకు దిగివచ్చును. పుట్టినచోట మాత్రము ఏడాది పొడుగున పారు ఏరు లేదు. చిక్కబళ్ళాపురము మొదలు బాగేపల్లి, చింతామణి వరకు చెరువు నిండిన యేడు పంట, నిండని యేడు అప్పు. నీరు, పరపతి అను రెండు చింతలును వారికి జన్మభూమి పెట్టిన భిక్షయే యనవచ్చును.

బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పట్టము పొందిరి. పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు నగరరక్షణకు ఉపాయము చెప్పినది వీరే. 1909లో మైసూరునకు చీఫ్ ఇంజనీరై, 1912లో దివానైరి.

ఆ సంస్థానమున 1911లో ఏర్పడిన ఆర్థిక సమావేశమునకు వీరే ప్రాణము. వ్యవసాయము, పరిశ్రమలు, విద్య అను మూడింటికిని వేర్వేరు సంఘములు పనిచేసినవి. పేటికలలో నిద్రించు పొదుపును ఒకచోట చేర్చి వర్తకమునకు, పరిశ్రమలకు అందింపనిదే ఉద్ధరణము లేదని వీరు తలచిరి. ఆ తలంపే 1913లో మైసూరు బ్యాంకుగా రూపొందెను.

వారి పరిశోధనకు పరాకాష్ఠ 1925 నాటి భారత ఆర్థిక విచారణ సంఘము. దానికి వారు అధ్యక్షులు. తలసరి ఆదాయము ఇరువది రూపాయలని నౌరోజీ, ముప్పదియని కర్జను చెప్పిన దేశమది. సాక్ష్యము లేక తీర్పు చెప్పు న్యాయస్థానము వంటిది లెక్కలు లేక నడచు ద్రవ్యవిధానము. పంట, పరిశ్రమ, ఆదాయములను క్రమముగా లెక్కించుటకు చట్టబద్ధమైన ఏర్పాటు కావలెనని సంఘము కోరెను. ప్రభుత్వము దానిని పక్కన బెట్టి, మరి రెండేండ్లలో రూపాయిని పదునెనిమిది పెన్సులకు బిగించెను.

1934లో వెలువడిన వారి ప్రణాళికా గ్రంథము పదేండ్లలో జాతీయాదాయమును రెట్టింపు చేయవలెనని లక్ష్యమును నిర్ణయించెను. రిజర్వు బ్యాంకు పని ప్రారంభించినది ఆ మరుసటి యేడే. 1944 నాటి బొంబాయి ప్రణాళిక, 1949 నాటి జాతీయాదాయ సంఘము వారు చూపిన బాటనే సాగినవి. ద్రవ్యశాస్త్రమున వారు సిద్ధాంతకర్తలు గారు; సిద్ధాంతమునకు కావలసిన పునాదిని అడిగినవారు.

వారియందు లోపము లేదనుట న్యాయము గాదు. బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలో ప్రత్యేక భాగ మిచ్చుటను వారంగీకరింపలేదు; ఆ అభిప్రాయభేదముతోనే 1918లో దివానుగిరీ విడిచిరి. సామర్థ్యమే కొలతయని వారి వాదము. కాని సామర్థ్యమును సంపాదించు అవకాశము ఎవరి కెంత దక్కినదో ఆ లెక్క వారు అడుగవలసినంతగా అడుగలేదు. సంపదను లెక్కింపుమన్నవారు వంచితులను లెక్కింప మరచుట విచారకరము.

1955లో భారతరత్న బిరుదము పొంది, 1962లో నూరేండ్లు నిండి కన్నుమూసిరి. మైసూరు బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరుగా మారి, 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో లీనమైనది. పేరు పోయినను ప్రశ్న పోలేదు. పట్టణమున కూడిన పొదుపులో బాగేపల్లి మెట్టరైతునకు ఎంత చేరినది? వడ్డీరేటు మారినప్పుడెల్ల ఈ లెక్క అడుగుట, ముద్దేనహళ్ళిలోని వారి సమాధిపై పూలుంచుటకంటె మిన్న.