అంకితం వెంకట నరసింగరావు

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ పేరు వినని వారు అరుదు. దుకాణాలతో, వాహనాలతో కిటకిటలాడే ఆ ప్రాంతంలో నేడు రాత్రివేళ తలెత్తి చూస్తే లెక్కకు వచ్చే నక్షత్రాలు కొద్దిపాటివే. పంతొమ్మిదో శతాబ్దిలో మాత్రం అది ఒక సంపన్న కుటుంబానికి చెందిన ప్రశాంతమైన తోట. ఆ తోటలో ఒక వేధశాల ఉండేది. ప్రభుత్వ ధనంతో గాక సొంత సొమ్ముతో, సొంత ఆవరణలో నిర్మించుకొన్న వేధశాల అది. దానికి పునాది వేసినవారు గోడే వెంకట జగ్గారావు. దానిని నిలబెట్టి, పెంచి, విదేశాల శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినవారు ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు.

నరసింగరావు జీవితాన్ని తెలుసుకోవాలంటే ముందు మామగారి సంగతి తెలుసుకోవాలి. జగ్గారావు 1817లో జన్మించారు. జమీందారీ కుటుంబంలో పుట్టిన యువకులకు సంగీత సాహిత్యాల మీదనో, వేట మీదనో మక్కువ కలగడం ఆ కాలంలో సహజం. జగ్గారావు మనసు మాత్రం గణితం మీదికి, ఆకాశం మీదికి మళ్ళింది. చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీ వారి వేధశాలకు అప్పుడు థామస్ గ్లాన్‌విల్ టేలర్ అధిపతి. పదకొండు వేల నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టిక వేసిన దిట్ట ఆయన. జగ్గారావు ఆయన వద్ద శిష్యరికం చేశారు. నేర్చిన విద్యను అక్కడే విడిచిపెట్టక, స్వస్థలానికి తిరిగి వచ్చి 1840 ప్రాంతంలో తన నివాసంలోనే వేధశాలను నెలకొల్పారు.

మన దేశంలో జ్యోతిశ్శాస్త్రం కొత్తది కాదు. గ్రహణం పట్టే వేళను, విడిచే వేళను సిద్ధాంతులు గణించి పంచాంగంలో రాయడం తరతరాలుగా వస్తున్నదే. అయితే గణించిన వేళకు ఆకాశంలో జరిగిన వేళకు ఎంత తేడా ఉన్నదో క్షణాలతో సహా కొలిచి రాసిపెట్టే అలవాటు మాత్రం సన్నగిల్లింది. కొలవడానికి సాధనాలు కావాలి, వాటిని కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి. జగ్గారావు సాధనాలను సమకూర్చారు. ఆ మనిషిగా ఎంతోకాలం ఉండే అదృష్టం మాత్రం ఆయనకు లేకపోయింది. 1856లో, నలభై ఏళ్ళైనా నిండకుండానే ఆయన కన్నుమూశారు.

యజమాని పోయిన తరువాత ఇటువంటి కట్టడాలకు పట్టే గతి సాధారణంగా ఒకటే. ఇత్తడి భాగాలు చిలుము పడతాయి, కటకాలకు బూజు పడుతుంది, గది ధాన్యపు కొట్టుగా మారుతుంది. సముద్రపు ఉప్పుగాలి వీచే విశాఖలో అందుకు ఎక్కువ కాలం పట్టదు. అలా జరగకుండా అడ్డుపడినవారు నరసింగరావు.

నరసింగరావు 1827లో జన్మించారు. ఆంగ్ల విద్య నేర్చి కంపెనీ ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరు పదవిని అందుకొన్నారు. ఆనాడు భారతీయులకు అందగలిగిన పెద్ద ఉద్యోగాలలో అది ఒకటి. దానివల్ల హోదా, అధికారం, మర్యాద అన్నీ సమకూరేవి. మామగారి మరణానంతరం ఎస్టేటు వ్యవహారాలతో పాటు వేధశాల బాధ్యత కూడా ఆయనపై పడింది. ఆయన పదవిని వదులుకొన్నారు. ఎస్టేటును చూసుకోవడానికి ఉద్యోగం మానుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఎస్టేటు ఒక్కటే అయితే గుమస్తాలతో నడిచిపోతుంది. వేధశాల గుమస్తాలతో నడిచేది కాదు. దాని కోసం రాత్రులు మేల్కొనాలి, పగలు లెక్కలు కట్టాలి.

వేధశాల అనగానే వింతలను చూపే చోటు అనిపిస్తుంది కాని, అక్కడి నిత్యకృత్యం చాలా సాదాసీదాగా ఉంటుంది. అందులో మొదటిది కాలనిర్ణయం. రెండు స్తంభాల నడుమ, ఉత్తర దక్షిణ దిశలలో మాత్రమే కదిలేటట్లు ఒక దూరదర్శినిని బిగిస్తారు. దాని కంటి కటకం వద్ద సాలెపోగు వంటి సన్నని దారాలు ఉంటాయి. స్థానం ముందే తెలిసిన ఒక నక్షత్రం ఒక్కొక్క దారాన్నీ దాటుతున్నప్పుడు గడియారం ఎంత చూపుతున్నదో గుర్తిస్తారు. నక్షత్రం తప్పదు కాబట్టి, తేడా ఉంటే తప్పు గడియారానిదే. దేశమంతటికీ ఒకే కాలమానం ఏర్పడింది 1906లో. అంతకు పూర్వం ఏ ఊరి వేళ ఆ ఊరిదే. సూర్యుడు చెన్నపట్నం కంటే విశాఖపట్నంలో సుమారు పన్నెండు నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు. సరియైన వేళ ఎరగని నావికుడు నడిసముద్రంలో తానెక్కడ ఉన్నదీ నిర్ణయించుకోలేడు. అందువల్ల ఓడలు ఆగే పట్టణంలో నమ్మదగిన గడియారం ఒకటి ఉండటం తోట యజమాని ముచ్చట మాత్రమే కాదు, ఊరికి ఉపకారం.

రెండవది వాతావరణ పరిశీలన. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు ముప్పయివేల మంది ప్రాణాలు కోల్పోయారు. తుపాను రాకను ముందుగా పసిగట్టాలంటే తీరం పొడవునా గాలి ఒత్తిడిని, దిశను, వేడిమిని, వర్షపాతాన్ని రోజూ కొలిచి పోల్చి చూడటం తప్ప మార్గం లేదు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే విశాఖ తోటలో ఈ పని జరుగుతూ ఉన్నది. నరసింగరావు ఆ కొలతలను క్రమం తప్పక రాయించి, వాటి ఫలితాలను ప్రచురించారు. ఛాయాగ్రహణం మన దేశంలో ఇంకా అపురూపంగా ఉన్న రోజులలోనే దానిని కూడా వేధశాలలోకి తెచ్చారు.

ఇక ఆకాశంలోని విశేషాలు. 1868 ఆగస్టు 18న వచ్చిన సూర్యగ్రహణం ఆంధ్రదేశం మీదుగా సంపూర్ణంగా సాగింది. దానికోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చారు. చెన్నపట్నం వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో విడిది చేశారు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేకుండానే చూడవచ్చునని జాన్సెన్ కనుగొన్నది గుంటూరులోనే. విశాఖపట్నం సంపూర్ణ గ్రహణ మార్గానికి వెలుపల ఉండిపోయింది. తన ఊరికి దక్కిన పాక్షిక గ్రహణాన్నే నరసింగరావు శ్రద్ధగా గమనించారు. పెద్ద వింత పొరుగున జరుగుతున్నదని తన కొలతను వదలకపోవడం శాస్త్రజ్ఞుని లక్షణం. గ్రహణాలను, బుధ సంక్రమణాలను, తోకచుక్కలను గూర్చిన తన పరిశీలనలను ఆయన లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపుతూ వచ్చారు. ఆ సంస్థ 1871లో ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. మరుసటి సంవత్సరం రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభ్యత్వమూ లభించింది.

1874 దగ్గర పడుతున్నకొద్దీ ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులందరి దృష్టీ శుక్రునిపై నిలిచింది. శుక్రమౌఢ్యమి అంటే మనకు తెలుసు. శుక్రుడు సూర్యకాంతిలో కలిసిపోయి కంటికి కనిపించని ఆ రోజులలో శుభకార్యాలు చేయరు. ఆ మౌఢ్యమి నడుమ ఎంతో అరుదుగా ఒకసారి శుక్రుడు సరిగ్గా భూమికి, సూర్యునికి మధ్యగా వస్తాడు. అప్పుడు కనిపించకుండా పోవడానికి బదులు, సూర్యబింబం మీద నల్లని చుక్కగా జరుగుతూ కనిపిస్తాడు. ఇదే శుక్ర సంక్రమణం. ఆ చుక్క బింబాన్ని తాకిన వేళను, వీడిన వేళను భూమిపై దూరదూరాల చోట్ల నుంచి కొలిచి పోలిస్తే సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడో గణించవచ్చునని పద్దెనిమిదో శతాబ్దిలో హేలీ సూచించాడు. 1769 తరువాత మరల ఆ అవకాశం రావడం 1874 డిసెంబరు 9న. 1882లో ఇంకొకటి ఉన్నది కాని, అది మన దేశానికి రాత్రివేళ కావడంతో కనిపించదు. ఆపైన 2004 వరకు లేదు. అంటే ఆనాడు విశాఖలో ఉన్న ఏ వ్యక్తికైనా జన్మకు ఒకే ఒక్క ఉదయం.

ఆ సంవత్సరమే నరసింగరావు ఇంగ్లండులోని కుక్ సంస్థ తయారుచేసిన ఆరు అంగుళాల కటకం గల దూరదర్శినిని కొనుగోలు చేశారు. ఒక వ్యక్తి సొంతానికి అటువంటి దానిని కొనడం ఆనాటి భారతదేశంలో చాలా అరుదు. విశాఖకు అప్పటికి రైలు రాలేదు, ఓడరేవూ కట్టలేదు. ఓడలు సముద్రంలోనే లంగరు వేయగా, సరుకులను పడవలలో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. గాజు కటకాల పెట్టెలకు ఆ ప్రయాణం ఎంత గండమో ఊహించుకోవచ్చు.

అటువంటి యంత్రాన్ని నిలబెట్టడం గది కట్టినంత తేలిక కాదు. దూరదర్శినిని మోసే స్తంభం నేలలోకి లోతుగా దిగాలి. గది నేలకు, గోడలకు అది తగలరాదు. తగిలితే మనిషి అడుగు వేసినప్పుడల్లా ఆ కదలిక వందరెట్లు పెరిగి కంటి ముందు నక్షత్రం గంతులు వేస్తుంది. యంత్రపు ఇరుసు సరిగ్గా ధ్రువనక్షత్రం వైపు ఉన్న ఆకాశ ధ్రువానికి గురిపెట్టి ఉండాలి. విశాఖలో ఆ ధ్రువం దిగంతానికి సుమారు పదునెనిమిది అంశల ఎత్తున ఉంటుంది. ఇంగ్లండులో దాదాపు దానికి మూడురెట్ల ఎత్తున ఉంటుంది కాబట్టి అక్కడి బిగింపు ఇక్కడ పనికిరాదు. ఇరుసు సరిగా కుదిరితే, గడియారయంత్రం వంటి చక్రాల అమరిక దూరదర్శినిని మెల్లగా పడమటికి తిప్పుతూ ఉంటుంది, ఎంచుకొన్న నక్షత్రం కంటి ఎదుటే నిలిచి ఉంటుంది. పైకప్పు ఏ దిక్కుకైనా తిరగాలి, తెరుచుకోవాలి, వాన కురిస్తే చుక్కనీరు రానీయకూడదు.

డిసెంబరు 9 ఉదయం సూర్యోదయమైన కొంతసేపటికి మొదలై, మధ్యాహ్నం కావస్తుండగా సంక్రమణం ముగిసింది. చెన్నపట్నంలో రఘునాథాచారి దీనిని సామాన్యులకు వివరిస్తూ ముందుగానే ఒక పుస్తకం వెలువరించారు. రూర్కీలో బ్రిటిషు ప్రభుత్వం పరిశీలకులను నియమించింది. ఒరిస్సాలోని ఖండపడాలో సామంత చంద్రశేఖరుడు సొంత గణితంతో దీనిని ముందే తెలుసుకొన్నాడు. విశాఖలో నరసింగరావు ఆ సంక్రమణాన్ని పరిశీలించి, తన పరిశీలనలను లండన్‌కు పంపారు. ఆ పరిశీలనలో ఒక చిక్కు ఉన్నది. శుక్రబింబం సూర్యుని లోపలి అంచును వీడే క్షణంలో రెంటి నడుమ నీటిబొట్టు సాగినట్లు ఒక నల్లని బంధం కనిపిస్తుంది. అది ఎప్పుడు తెగిందో ఇద్దరు పరిశీలకులు పక్కపక్కనే నిలిచి చూసినా ఒకే క్షణం చెప్పలేరు. ఈ కారణంగానే ప్రపంచమంతటి నుంచి వచ్చిన కొలతలు ఆశించినంత నిక్కచ్చిగా తేలలేదు. ఆ చిక్కు ఒక్కరిది కాదు, పద్ధతిలోనే ఉన్నది.

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు ఆయన వేధశాలను నడిపారు. 1892లో, అరవై అయిదేళ్ళ వయసులో మరణించారు. ముప్పయిఆరేళ్ళ కిందట తలెత్తిన ప్రశ్నే మళ్ళీ ఎదురైంది. ఈసారి ఆయన భార్య అచ్చయ్యమ్మ ముందుకు వచ్చారు. ఆమె వేధశాలను స్థాపించిన జగ్గారావు కుమార్తె. స్త్రీలకు అక్షరాభ్యాసమే అరుదైన ఆ కాలంలో తండ్రి స్థాపించినది, భర్త పెంచినది ఆగిపోకుండా చూసిన ఘనత ఆమెది. ఈ చరిత్రలో ఆమె పేరు తరచుగా మరుగున పడటం న్యాయం కాదు. ఆమె తరువాత తాతగారి పేరే పెట్టుకొన్న కుమారుడు రాజా అంకితం వెంకట జగ్గారావు దానిని చేపట్టారు.

అంతలో ఇరవయ్యో శతాబ్ది వచ్చింది. 1901లో హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ కూడా సొంత ధనంతో పదిహేను అంగుళాల దూరదర్శినిని ఇంగ్లండు నుంచి తెప్పించి, తన ఎస్టేటు ఫిసల్‌బండలో వేధశాలకు పూనుకొన్నారు. ఆయన దానికి నిజాం పేరు పెట్టి, తన తదనంతరం ప్రభుత్వమే స్వీకరించాలని ముందే కోరారు. 1907లో ఆయన మరణించగా, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని బేగంపేటకు తరలించింది. ఆ పెద్ద దూరదర్శిని బిగించడానికి 1922 వరకు పట్టింది. అయినా ఆ వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరి, నక్షత్ర పట్టికల సంపుటాలను ప్రపంచానికి అందించింది. విశాఖ వేధశాల అరవై ఏళ్ళకు పైబడి ఒకే కుటుంబం చేతులలో సాగింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో అది ఆగిపోయింది.

2004 జూన్ 8న శుక్రుడు మరల సూర్యబింబాన్ని దాటాడు. డాబాగార్డెన్స్‌లో ఆ రోజు దూరదర్శిని లేదు. నూటముప్పయి ఏళ్ళ కిందట అదే ఊరినుంచి వెళ్ళిన నివేదిక మాత్రం రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సంపుటాలలో విశాఖపట్నం పేరుతో, జగ్గారావు వేధశాల పేరుతో నిలిచి ఉన్నది. ఎక్కడా తన పేరు పెట్టుకోకుండా నరసింగరావు ఆ వేధశాలను చివరివరకు మామగారి పేరుతోనే నడిపారు.