చౌరంగీలో షికాగో పియానో: టెడ్డీ వెదర్‌ఫర్డ్

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తా చౌరంగీలోని గ్రాండ్ హోటల్‌లో నృత్యం చేసిన సైనికులలో ఎందరికో, అక్కడి పియానో వాద్యకారుడు ఒకనాడు షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సరసన వాయించినవాడని తెలిసి ఉండదు. ఆయనే టెడ్డీ వెదర్‌ఫర్డ్.

1903 అక్టోబర్ 11న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, పొకహాంటస్ అనే బొగ్గుగనుల ఊరిలో ఒక నల్లజాతి కుటుంబంలో ఆయన జన్మించారు. జాజ్‌కు పుట్టినిల్లయిన న్యూ ఆర్లీన్స్‌లో పియానో అభ్యసించి షికాగో చేరుకున్నారు. మూకీ చిత్రాలు ఆడే వెండోమ్ థియేటర్‌లో అర్స్కిన్ టేట్ వాద్యబృందంలో చేరారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి 1926లో ఆ బృందం ఇచ్చిన రికార్డు నేటికీ లభిస్తోంది. ఆయన వాదనంలో ఎడమచేయి మంద్రస్వరం నుంచి పై స్వరగుచ్ఛానికి దూకుతూ తాళాన్ని నిలిపేది. కుడిచేయి ఆ తాళంతో తగవు పెట్టుకున్నట్టు పరుగులు తీసేది. అప్పట్లో ఆ నగరానికి కొత్తగా వచ్చిన అర్ల్ హైన్స్‌పై ఆ శైలి ప్రభావం కనిపిస్తుంది.

హైన్స్ షికాగోలోనే ఉండి జాజ్ చరిత్రకెక్కారు. వెదర్‌ఫర్డ్ మాత్రం 1926లోనే జాక్ కార్టర్ బృందంతో ఆసియాకు ఓడ ఎక్కారు. కీర్తి దక్కవలసిన వేళ దూరమైపోవడం ఆయన జీవితంలో తీరని నష్టం.

షాంఘైలో ఆయన పేరు మారుమోగింది. 1933లో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడే ఆయనను కలిశారు. మరుసటి ఏడు వెదర్‌ఫర్డ్ లాస్ ఏంజెలిస్ వెళ్లి, బక్ క్లేటన్ బృందాన్ని షాంఘైలోని కానిడ్రోమ్ నృత్యశాలకు తీసుకువచ్చారు. అనంతరం బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో వాయించారు. స్వదేశంలోని పెద్ద హోటళ్లు అనేకం నల్లవారిని అతిథులుగా కూడా అంగీకరించని కాలమది. ఇక్కడ అటువంటి హోటల్‌లో ఆయన బృందనాయకుడు. అయితే ఆ వేదికలు వలసపాలకుల, సంపన్నుల విలాసానికే అమరినవన్న సంగతి కూడా మరువలేనిది.

ఆయన ప్రతిభ తేటగా వినిపించేది 1937లో పారిస్‌లో ఇచ్చిన ఏకవాద్య రికార్డులలోనే. కలకత్తాలో కొలంబియా కంపెనీకి చేసిన రికార్డులలో అధికభాగం నాటి నృత్యగీతాలు. వాటిలో పలుచోట్ల ఆయనే పాడారు. పియానోకు దక్కిన చోటు స్వల్పం. ఆ బృందంలో అమెరికన్ల పక్కన బర్మా, భారత వాద్యకారులూ కూర్చుని జాజ్ మెలకువలు ఆకళించుకున్నారు.

1943లో బెంగాల్ కరవుబాధితులు కలకత్తా వీధులలో ప్రాణాలు వదులుతుండగా, హోటల్ లోపల నృత్యసంగీతం సాగుతూనే ఉంది. ఆ నగరాన్ని తరచూ పీడించిన కలరా వెదర్‌ఫర్డ్‌నూ విడిచిపెట్టలేదు. 1945 ఏప్రిల్ 25న, ఐరోపాలో యుద్ధం ముగియడానికి రెండు వారాలైనా లేని సమయంలో, 41వ ఏట ఆయన కలకత్తాలోనే కన్నుమూశారు.