పంతులమ్మ మేరీ క్యూరీ

మేరీ క్యూరీ అనగానే రేడియం, రెండు నోబెల్ బహుమతులు గుర్తొస్తాయి. మన రోజుల్లో రెండు మార్కుల ప్రశ్నకు అంతే సరిపోయేది. ఆవిడ పదిమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని సైన్సు పాఠాలు చెప్పిందన్న సంగతి, నేను ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు, ఆమె చిన్నకూతురు ఈవ్ రాసిన జీవితచరిత్ర చదివినప్పుడు తెలిసింది. స్వర్ణోత్సవం పేరుమీద మన సంఘం బడికి కొత్త ల్యాబు కట్టించాలనుకుంటోంది కనుక ఆ పంతులమ్మ గురించే రాస్తున్నాను.

ఆమె 1867 నవంబరు 7న వార్సాలో పుట్టింది. పుట్టింటి పేరు మరియా స్క్లొదొవ్‌స్కా. అప్పుడు ఆ ఊరు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి లెక్కలు, ఫిజిక్సు చెప్పే మాస్టారు. ఆయన గదిలో ఒక అద్దాల బీరువా. అందులో గాజు గొట్టాలు, చిన్న త్రాసులు, ఖనిజాల ముక్కలు, బంగారు రేకు ఎలక్ట్రోస్కోపు. ఒకప్పుడు ఆయన వాటిని క్లాసుకు పట్టుకెళ్ళేవాడు. ప్రభుత్వం పోలిష్ పిల్లలకు సైన్సు పీరియడ్లు తగ్గించేశాక అవి బీరువాలోనే ఉండిపోయాయి. చిన్న మరియా మునివేళ్ళమీద నిలబడి అద్దంలోంచి వాటినే చూస్తుండేదట. అలాంటి బీరువా మన బడిలోనూ ఉండేదని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మనకు చక్రవర్తి ఆజ్ఞేమీ లేదు, తాళం మాత్రం ఉండేది.

వార్సా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. అక్కను పారిస్‌లో డాక్టరీ చదివించడానికి మరియా ఒక పల్లెటూరి ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే పనికి కుదిరింది. అక్కడ తీరిక దొరికినప్పుడు పాలేర్ల పిల్లల్ని తన గదికి పిలిచి పోలిష్ భాషలో చదవడం, రాయడం నేర్పింది. పైవాళ్ళకు తెలిస్తే శిక్ష తప్పదు. ఇరవై రెండేళ్ళు దాటాక, వార్సాలో ఒక మ్యూజియం ల్యాబులో ఆమె చేతికి మొదటిసారి పరికరాలు అందాయి. దాన్ని నడిపేవాడు వాళ్ళ బంధువే. రాత్రిపూట, ఆదివారాలు వెళ్ళి, పుస్తకాల్లో చదివిన ప్రయోగాలు ఒక్కతే చేసుకునేది. కొన్ని కుదిరేవి, కొన్ని బెడిసికొట్టేవి.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1891లో పారిస్, 1895లో పియేర్‌తో పెళ్ళి, 1898లో పొలోనియం, రేడియం, 1903లో నోబెల్. 1900 నుంచి సెవ్ర్‌లో, టీచర్లు కాబోయే ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెబుతూ ప్రయోగాలను పాఠంలో భాగం చేసింది. 1906 ఏప్రిల్‌లో పియేర్ గుర్రపు బండి కిందపడి చనిపోయాడు. అప్పటికి పెద్దకూతురు ఐరీన్‌కు ఎనిమిదేళ్ళు, ఈవ్‌కు ఏడాదిన్నర. ఆ నవంబరులో భర్త స్థానంలో సోర్బాన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. ఇంత దుఃఖం, ఇంత పని మీదున్న మనిషి 1907 జనవరి నుంచి పిల్లల క్లాసు కూడా నెత్తినేసుకుంది.

పిల్లల్ని రోజంతా గాలాడని గదుల్లో బెంచీలకు అతికించడం ఆమెకు నచ్చేది కాదు. తోటి ప్రొఫెసర్లను కూడగట్టి, ఎవరి సబ్జెక్టు వాళ్ళు అందరి పిల్లలకూ చెప్పేటట్టు ఏర్పాటు చేసింది. రోజుకు ఒక్కటే పాఠం, మిగతాదంతా ఆట. కెమిస్ట్రీ జాఁ పెరాఁ, లెక్కలు పాల్ లాంజెవాఁ, ఫిజిక్సు మేరీ. గురువారం మధ్యాహ్నాలు, వాడకుండా వదిలేసిన ఒక గదిలో ఆమె క్లాసు.

సైకిల్ బేరింగు గోళీల్ని సిరాలో ముంచి ఏటవాలు బల్లమీద వదిలేవారు. గోళీ దొర్లిన దారి కాగితంమీద పారాబొలాగా పడేది. పిల్లలు థర్మామీటరు తామే చేసి, తామే గీతలు పెట్టేవారు. అది బజారు థర్మామీటరుతో సరిపోతే వాళ్ళ సంతోషం చూడాలి! ఖాళీగా కనిపించే సీసాలో గాలి ఉందా, ఆ గాలికి బరువుందా, కోడిగుడ్డు మంచినీళ్ళలో మునిగి ఉప్పునీళ్ళలో ఎందుకు తేలుతుంది, కుళాయికి నీళ్ళు ఎలా ఎక్కుతాయి? ఇవీ పాఠాలు. ఇజబెల్ షవాన్ అనే అమ్మాయి శ్రద్ధగా రాసుకున్న నోట్సు దాదాపు వందేళ్ళ తర్వాత, 2003లో పుస్తకంగా వచ్చింది.

ఒకరోజు, గిన్నెలో వేడి ద్రవం చల్లారకుండా ఏం చేయాలని అడిగింది. ఒకరు ఉన్ని చుట్టాలన్నారు, ఇంకొకరు అంతకంటే తెలివైన ఉపాయం చెప్పారు. అన్నీ విని నవ్వి, తానైతే ముందు మూత పెడతానంది. నేను నీటి సరఫరా పనుల్లో ముప్పై ఏళ్ళుగా ఉన్నాను. బెర్నూలీ సమీకరణం తప్పులేకుండా రాసి, పై అంతస్తు కుళాయిలో ధార ఎందుకు సన్నబడిందో చెప్పలేని కుర్ర ఇంజనీర్లు చాలామంది వస్తారు. తెలివి తక్కువై కాదు. ఆ ప్రశ్నను ఎవరూ వాళ్ళ చేతికివ్వలేదు.

ప్రయోగం చేస్తూ బల్ల పాడుచేస్తే మాత్రం ఆవిడ ఊరుకునేది కాదు, తర్వాత తుడుస్తామన్నా సరే. చేతులతో నేర్చుకోవడమంటే ఆటవిడుపనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ఆ బడి రెండేళ్ళే నడిచింది. పెద్దవాళ్ళకు పని ఎక్కువైంది, పిల్లలకు పరీక్షల వయసొచ్చింది. పైగా వాళ్ళంతా ప్రొఫెసర్ల బిడ్డలు. అరవైమంది ఉన్న సర్కారు బడి క్లాసులో అది సాగుతుందా అని మన టీచర్లు అడిగితే న్యాయమే. నా లెక్క ఒకటే: బేరింగు గోళీలు, సిరా, కోడిగుడ్డు, ఉప్పు అరవైమందికైనా అందుతాయి. అందుకే ల్యాబు కమిటీలో, ఖరీదైన పరికరాల పద్దు తగ్గించి పిల్లలు పగలగొట్టినా పర్వాలేని సామాను ఎక్కువ కొందామన్నాను. ఇంకా ఒప్పుకోనివాళ్ళున్నారు, చర్చ నడుస్తోంది.

1911లో ఆమెకు రెండో నోబెల్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే బళ్ళు తయారుచేయించి, దాదాపు 150 మంది ఆడవాళ్ళకు ఆ పని నేర్పింది. ఇరవై ఏళ్ళయినా నిండని ఐరీన్ తల్లికి తోడు నిలిచింది.

1934 జనవరిలో ఐరీన్, భర్త ఫ్రెడెరిక్ జోలియో కలిసి కృత్రిమ రేడియోధార్మికతను కనుగొన్నారు. చూడటానికి మేరీ, లాంజెవాఁ కలిసి వచ్చారు, ఒకనాడు ఐరీన్‌కు ఫిజిక్సూ లెక్కలూ చెప్పిన ఆ ఇద్దరే. అల్లుడు చిన్న గాజు గొట్టం అత్తగారి చేతికిచ్చాడు. రేడియంతో కాలిపోయిన వేళ్ళతో ఆమె దాన్ని గైగర్ కౌంటరు దగ్గరకు తెచ్చింది. కౌంటరు టకటకలాడింది. ఆ జులై 4న ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడు కూతురికీ అల్లుడికీ నోబెల్ వచ్చింది.