అద్దె తుపాకులతో మొదలై... ఫిరంగుల కార్ఖానా దాకా

అనంతపురం, గుత్తి, హిందూపురం నుంచి కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లే మన కుర్రాళ్లలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలే గది తీసుకుంటారు. పక్కనే మూసారాంబాగ్. అటు అబిడ్స్ వైపు వెళ్తే గన్‌ఫౌండ్రీ. ఈ రెండు పేర్ల వెనకా ఉన్నది ఒకే మనిషి. పేరు మిషెల్ జోయాకిం రేమండ్. ఫ్రెంచివాడు. అతని కథకూ, మన జిల్లా చరిత్రకూ ఓ ముడి ఉంది.

వ్యాపారానికి వచ్చి...

రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్లకే, అంటే 1775లో, సరుకు అమ్ముకుని బతుకుదామని పుదుచ్చేరిలో ఓడ దిగాడు. వ్యాపారంలో ఎక్కువ కాలం నిలవలేదు. మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చిన్న అధికారిగా చేరిపోయాడు. యుద్ధవిద్య అక్కడే వంటబట్టింది. తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర కెప్టెన్ అయ్యాడు. 1785లో బుస్సీ చనిపోయాడు. రేమండ్ మళ్లీ కొత్త దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

నెలకు ఎనిమిది అణాలు

1786లో హైదరాబాద్ నిజాం కొలువు దొరికింది. చేతిలో ఉన్నది 300 మంది సిపాయిలు. వాళ్లకివ్వడానికి సొంత తుపాకులు కూడా లేవు. తన దేశానికే చెందిన ఓ వర్తకుడి దగ్గర ఒక్కో తుపాకీ నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చుకున్నాడు.

అద్దెతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? అందుకే తుపాకులు, ఫిరంగులు ఇక్కడే తయారు చేయించే పని పెట్టుకున్నాడు. అప్పట్లో మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నది వత్తి తుపాకీ. రగులుతున్న తాడుతో మందు అంటించాలి. వాన పడితే పని అంతే. యూరప్ సైన్యాల చేతిలో ఉన్నది చెకుముకి తుపాకీ. గుర్రానికి బిగించిన చెకుముకి రాయి ఉక్కు మీద కొట్టుకుని నిప్పురవ్వ పుట్టిస్తుంది. పైగా కొసన బాయ్‌నెట్ బిగించుకోవచ్చు.

ఇందులో కిటుకు చూపుకి ఒకేలా ఉండటంలో లేదు. వేటగాడి తుపాకీ ఎలా ఉన్నా ఫర్వాలేదు, దాని గుండు అతనే పోసుకుంటాడు. సైన్యానికి అలా కుదరదు. గొట్టాల కొలత ఒకటైతేనే అందరికీ ఒకే గుండు సరిపోతుంది. మందు నింపే పద్ధతి ఒకటైతేనే వరసలో నిలబడ్డవాళ్లు కలిసి పేల్చగలరు. తుపాకీ, తూటా, కవాతు మూడూ ఒకే లెక్కలో నడవాలి. అందుకే రేమండ్ కార్ఖానాలతో పాటు శిక్షణనూ పట్టుకున్నాడు. 1795 నాటి ఫిరంగుల కార్ఖానాయే తోప్ కా సాంచా, ఇప్పటి గన్‌ఫౌండ్రీ.

అదే ఏడాది మరాఠాలతో ఖర్దా దగ్గర జరిగిన యుద్ధంలో నిజాం ఓడాడు. అయినా రేమండ్ దళానికి చెడ్డపేరు రాలేదు. తర్వాత కొద్ది నెలలకే నిజాం కొడుకు అలీ జా తిరగబడితే, అతన్ని పట్టుకున్నది రేమండే. 300 మందితో మొదలైన దళం పదేళ్లు దాటేసరికి పది వేలు దాటింది. సామాన్యులకు కూడా అతని మీద ఎంత అభిమానమంటే, ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు.

ఏడు నెలల్లో అంతా ఖాళీ

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. వయసు 42. అతని స్థానంలోకి పిరోన్ వచ్చాడు. ఫ్రెంచి దళమంటే గుబులుగా ఉన్న ఈస్టిండియా కంపెనీ ఈ అదను వదల్లేదు. సెప్టెంబర్ 1న నిజాంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఫ్రెంచి అధికారులు వెళ్లిపోవాలి, వాళ్ల బదులు కంపెనీ పటాలాలు ఉంటాయి, ఖర్చు నిజాందే. అక్టోబర్‌లో దళాన్ని కంపెనీ సైన్యం చుట్టుముట్టింది. అప్పటికే జీతాల బకాయిల కోసం సిపాయిలు సొంత అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. పోరు లేకుండానే ఆయుధాలు కింద పెట్టేశారు. పన్నెండేళ్ల కష్టం ఏడు నెలల్లో చెదిరిపోయింది.

మన జిల్లా ఎక్కడొచ్చింది?

ఇక్కడే. ఆ కంపెనీ పటాలాల ఖర్చుకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా కట్టాలి. 1800 అక్టోబర్‌లో నిజాం డబ్బుకు బదులు నేలనే ఇచ్చేశాడు. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన అనంతపురం, బళ్లారి, కడప ప్రాంతాలు అలా కంపెనీ చేతికి పోయాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు బట్టీ పట్టే దత్త మండలాలు ఇవే. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చిందీ అప్పుడే. వానలే సరిగ్గా పడని మన మెట్టనేల శిస్తు, రేమండ్ దళం స్థానంలోకి వచ్చిన పటాలాల జీతమైంది.

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటి పని అచ్చిరాకపోతే బతుకు ఆగిపోదు, అద్దె పనిముట్లతోనైనా మొదలుపెట్టొచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. ఎంత గొప్ప కార్ఖానా అయినా ఒక్క మనిషి మీదే ఆధారపడితే, జీతాలు సమయానికి అందకపోతే నిలబడదు. ఆఫర్ లెటర్ అందుకున్న రోజున, ఆ సంస్థను నడిపే పెద్దాయన పేరుతో పాటు ఆయన తర్వాత ఎవరు, జీతం ఏ తేదీకి పడుతుంది అన్నదీ కనుక్కోండి.