పిస్టన్ విప్పి చూసిన మన జి.డి. నాయుడు

కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి పేరు తమిళనాడులో వినని వారు తక్కువ. ఆయన తెలుగింటి బిడ్డ అని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పోచంపల్లి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లోని మన ఇళ్ల నుంచి ఎందరో యువకులు ఐటీఐలకు, గ్రానైట్ క్వారీలకు, సిప్‌కాట్ కంపెనీలకు వెళుతున్నారు. ముఖ్యంగా వారి కోసం ఆయన జీవితాన్ని క్లుప్తంగా చెప్పదలిచాము.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు వంటపట్టలేదు, మూడో తరగతితో ఆగిపోయింది. పొలం పనుల్లో ఉన్న రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్ ఆయన కంట పడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెడుతోంది! ఆ రహస్యం తెలుసుకోవాలని పట్నం చేరి, హోటల్లో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నారు. దాన్ని ముక్కముక్కగా విప్పారు, మళ్లీ బిగించారు. అదే ఆయన కాలేజీ.

ఆ బండి లోపల ఉన్న రహస్యం ఏమిటి? మూసిన గదిలోని వాయువు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క కట్టాలంటే సెంటీగ్రేడు వేడికి 273 కలపాలి. 27 డిగ్రీలు అంటే 300, 327 డిగ్రీలు అంటే 600. వేడి 300 నుంచి 600కు చేరితే, ఆ గదిలోని మొత్తం ఒత్తిడి రెండింతలు అవుతుంది. ఇంజన్‌లో పెట్రోలు మండగానే జరిగేది ఇదే. వేడెక్కిన వాయువు పిస్టన్‌ను తోస్తుంది, ఆ తోపే చక్రాన్ని తిప్పుతుంది.

బరువులెత్తే లెక్క ఇంకా సులువు. ఒత్తిడిని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే చాలు. 10 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పిస్టన్ వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. కంప్రెసర్ మీటరు 7 కిలోలు చూపిస్తే, అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు, ఆ పిస్టన్ తోపు దాదాపు 550 కిలోలు. రాపిడికి కొంత పోయినా అరచేయంత పిస్టన్ ఎంత బరువు ఎత్తగలదో చూడండి. అదే లెక్క ప్రకారం, సేఫ్టీ వాల్వు పనిచేయని గాలి ట్యాంకు ఎంత ప్రమాదమో కూడా అర్థమవుతుంది. క్వారీల్లో, టైర్ల షాపుల్లో పనిచేసే మన పిల్లలకు ఈ లెక్క పరీక్ష మార్కుల కోసం కాదు, ప్రాణం కోసం.

1920లో నాయుడు గారు ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అదే పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసిన పేరు తెచ్చుకున్నారు. చిన్న మోటారుతో నడిచే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, పండ్ల రసం తీసే యంత్రం ఇలా ఆయన చేతి నుంచి వచ్చినవి ఎన్నో. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారును 2,000 రూపాయలకే ఇవ్వగలనని ముందుకు వచ్చారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు రోడ్డెక్కలేదు.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం రావడానికి ఆయనే కారకులు. ఏళ్ల తరబడి పుస్తకాలతో గడపకుండా, చేతికి పని ఇచ్చి తక్కువ కాలంలోనే నేర్పవచ్చని ఆయన పట్టుబట్టారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలి బయటికి వచ్చారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఈనాడు మన పోచంపల్లిలో ఎలక్ట్రిక్ స్కూటర్ల కర్మాగారం ఉంది. వాటిలో పిస్టన్ లేదు, మోటారు ఉంది. ఈ రెండింటినీ చేత్తో పట్టి నేర్చిన తెలుగువాడు ఎనభై తొంభై ఏళ్ల కిందటే మన రాష్ట్రంలో ఉన్నాడు. అయినా మన ఇళ్లలో చేతిపని అంటే ఇంకా చిన్నచూపే. పిల్లవాడు పాత పంపుసెట్టు విప్పితే కోప్పడతాము, డిగ్రీ సర్టిఫికెట్టు తెస్తే ఫ్రేము కట్టిస్తాము.

పెద్దలకు మా విన్నపం ఒక్కటే. సెలవుల్లో పిల్లలను కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని జీడీ కార్ మ్యూజియానికి తీసుకువెళ్లండి. అక్కడ ఇంజన్లను చూపిస్తూ ఈ కథను తెలుగులోనే చెప్పండి. మన భాషలో లెక్కా, యంత్రమూ కూడా చెప్పుకోవచ్చని వారికి తెలియాలి.