గ్రంథాలయ తపస్వి రంగనాథన్

శియాళి రామామృత రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా శియాళి ప్రాంతంలో జన్మించారు. గణితశాస్త్రాధ్యాపకులైన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి పదవిని స్వీకరించారు. నాడు అక్కడికి వచ్చే పాఠకులు బహు స్వల్పం. ఆ ఏకాంతాన్ని సహింపలేక కొద్ది దినాలకే తరగతి గదికి తిరిగి పంపవలసినదిగా పెద్దలను వేడుకొన్నారు. లండనులో గ్రంథాలయ విద్యను అభ్యసించి వచ్చిన పిమ్మట కూడ మనసు మారకున్న అట్లే చేయుదమని వారు నచ్చజెప్పారు.

ప్రతి గ్రంథానికి ముందే ఒక స్థానాన్ని నిర్ణయించే పాశ్చాత్య పద్ధతి ఆయనకు తృప్తి నీయలేదు. భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయకు చికిత్సను గూర్చిన గ్రంథ మున్నదనుకొందాం. ఒక విద్యార్థి దానిని వ్యాధి పేరుతో వెదకుతాడు. మరొకడు అవయవం పేరుతో, వేరొకడు దేశం పేరుతో వెదకుతాడు. ఒక్క పేరు క్రింద దాచిన పుస్తకం తక్కిన ఇద్దరికీ లేనట్లే! ఒకనాడు లండను అంగడిలో మెకానో అనే ఆటవస్తువును చూచారు. అవే లోహపు పట్టీలను మరమేకులతో బిగించి రకరకాల బొమ్మలు కూర్చుతున్నారు. విషయాన్ని కూడ అంశాలుగా విడదీసి కూర్చవచ్చునని ఆయనకు స్ఫురించింది. కోలన్ గుర్తే ఆయన మరమేకు అయింది.

1925లో మద్రాసు చేరి, పాఠకులను పుస్తకాల అరల చెంతకు స్వేచ్ఛగా పోనిచ్చారు. పాఠకుని కాలం వృథా కారాదన్నది ఆయన 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో నాల్గవది. తరగతి గది ఊసు మరల ఎత్తలేదు. 1933లో కోలన్ వర్గీకరణ వెలువడింది. చూపరులను బెదరించే దీర్ఘ సంఖ్యల వలన కాబోలు, అది అన్ని గ్రంథాలయాలలో చెల్లలేదు. ఆయన 1972లో బెంగుళూరులో కన్నుమూశారు. నేటి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో విద్యార్థి కంప్యూటరు తెరపై విషయం, దేశం, కాలం ఒక్కొక్కటిగా ఎంచుకొని గ్రంథాన్ని వెదకే విధానానికి మూలం ఆయన అంశ విభజనే.