తెడ్డు పట్టించిన గురువు

శ్రీనగరము కాశ్మీరమున సుప్రసిద్ధమైన పట్టణము. జీలం నది ఆ పట్టణము నడుమ ప్రవహించుచుండును. డాల్ సరస్సు దాని చెంతనే కలదు. ఇట్లు ఎటుచూచినను నీరే యున్నను, 1890 నాటికి అచ్చటి గొప్పింటి బాలురలో ఈత నేర్చినవారు అరుదు. పడవ నడుపుట పడవవాండ్ర పని, బరువు మోయుట కూలివాండ్ర పని, చదువుకొన్నవాడు ఒడలు వంచుట అగౌరవము అని ఆ కాలపు తలంపు. ఆ తలంపును మార్చుటకై ఏబదియేడు సంవత్సరములు పాటుపడిన ఉపాధ్యాయుడు సెసిల్ టిండేల్ బిస్కో.

ఆయన 1863వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జన్మించెను. ఆయనది చిన్న దేహము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆ చిన్న దేహమే ఆయనకు మేలు చేసెను. ఎనమండుగురు తెడ్లు వేయు పందెపు పడవలో చుక్కాని పట్టుటకు బరువు తక్కువైనవాడే కావలెను గదా! 1884లో ఆక్స్‌ఫర్డువారితో జరిగిన పందెమున కేంబ్రిడ్జి పడవకు చుక్కాని పట్టినది ఆయనయే. ఆ పడవయే గెలిచెను. పడవలో ఎవడును తన కొఱకు మాత్రమే తెడ్డు వేయడు. ఆ పాఠమును ఆయన జీవితాంతము మఱువలేదు.

పిమ్మట ఆయన క్రైస్తవ గురువై, లండను నగరపు పేదవాడలలో కొంతకాలము పనిచేసి, 1890లో శ్రీనగరమునందలి మిషను పాఠశాలకు వచ్చెను. అచ్చటి బాలురు తెలివిగలవారు, పాఠములు వల్లించుటలో దిట్టలు. కాని ఇతరుల ఆపదలో చేయి సాచుటకు వారు వెనుకాడుచున్నట్లు ఆయనకు తోచెను. క్రీస్తు చూపిన సేవాధర్మము మాటలచే అలవడునది కాదనియు, ఆటస్థలమే దానికి తొలి బడి యనియు ఆయన నిశ్చయించుకొనెను.

1891లో ఆయన పాఠశాలకు ఒక కాలిబంతిని తెచ్చెను. అది తోలుతో చేసినదని తెలియగనే బ్రాహ్మణ బాలురు దానిని తాకుటకు నిరాకరించిరి. ఆయన వినలేదు. ఉపాధ్యాయుల చేతికి కఱ్ఱలిచ్చి, బాలురను మైదానమునకు నడిపించెను. పొడవైన అంగీలతోనే వారు ఆట కారంభించిరి. కొంతసేపటికి బంతి యెగిరి ఒక బాలుని మొగమునకు తగిలెను. వాడు మైలపడితినని విలపించెను. తోటివారు దిగ్భ్రాంతులై నిలిచిపోయిరి. బిస్కో వానిని కాలువకు కొనిపోయి మొగము కడిగింపుడని చెప్పెను. కొంతసేపటికి బాలురు మరలివచ్చిరి. ఆట మరల సాగెను.

కఱ్ఱ చూపి ఒకరి ఆచారమును మార్చుట తగునా యని మీరు అడుగవచ్చును. అడుగవలసినదే. అది మెచ్చదగిన పద్ధతి యని చెప్పజాలము. నాడు పట్టణమున పెక్కుమంది ఆయనను నిందించిరి. బాలురకు ఆయనపై నమ్మకము కుదిరినది కఱ్ఱవలన గాదు, ఆయన తానును వారితో కూడి శ్రమించుటవలన.

తరువాత తెడ్డు వంతు వచ్చెను. మొదట కొందరు బాలురు తెలిసినవారు చూతురను సిగ్గుచే మొగములు కప్పుకొని తెడ్లు వేసిరి. ఈత నేర్వక పెద్దవారైన విద్యార్థులకు బడిజీతము పెంచబడెను. క్రమముగా సిగ్గు తొలగెను. విశాలమైన ఊలర్ సరస్సును సైతము ఈది దాటగల బాలురు తయారైరి. పరీక్షలలో చదువునకు మాత్రమే గాక, దేహసాధనకును, నడవడికిని వేర్వేరుగా మార్కు లియ్యబడెడివి.

ఈ సాధన ఫలము పట్టణమున కనబడెను. ఇండ్లు తగులబడినప్పుడు విద్యార్థులు పరుగెత్తి మంట లార్పిరి. వరదలలో పడవలు వేసికొనిపోయి చిక్కుకొన్నవారిని గట్టు చేర్చిరి. మునుగుచున్నవారిని నదిలో దుమికి రక్షించిరి. ఆసుపత్రిలోని రోగులను పడవలలో కూర్చుండబెట్టుకొని, చల్లగాలికై సరస్సుపై త్రిప్పిరి. ఒకనాడు తెడ్డు తాకుటకు సిగ్గుపడిన కుటుంబముల బిడ్డలే ఈ పనులు చేసిరి! వారిలో మతము మార్చుకొన్నవారు మిక్కిలి తక్కువ. బిస్కో దానిని తన పనికి కొలతగా గొనలేదు. బాలుడు పరుల కష్టమునకు కదలెనా లేదా యనుటయే ఆయన చూచిన కొలత.

1947లో, వృద్ధాప్యమున, ఆయన కాశ్మీరమును విడిచెను. 1949లో ఆఫ్రికా ఖండమున, నేడు హరారే యని పిలువబడు నగరమున కన్నుమూసెను. శ్రీనగరములోని పాఠశాల నేటికిని ఆయన పేరు ధరించియున్నది. ఒకదానిపై నొకటి అడ్డముగ నుంచిన రెండు తెడ్లు ఆ పాఠశాల చిహ్నము. తెడ్డు శ్రమకు గుర్తు. హృదయాకారమున నున్న దాని కొన దయకు గుర్తు. అవి పెనవైచుకొని యుండుట ఆత్మత్యాగమునకు గుర్తు.

బాలలారా, ఆటలో గెలుపు ఆ సాయంకాలముతో ముగియును. ఆటవలన వచ్చిన బలము ఇతరుల కక్కఱకు వచ్చినచో, అది చిరకాలము నిలుచును.